పెరటి వేప



ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి గొన్నవాడను. కృషిశాస్త్రమున నాకు పాండిత్యము లేదు. పెరటిలో పాదులు పెట్టి, పురుగులతో పోరాడి, ఒకసారి ఘోరముగా ఓడినవాడను మాత్రమే.

పూర్వుల సస్యరక్షణమును గూర్చి మాటవచ్చినప్పుడు కొందరు సర్వమును మన గ్రంథములలోనే యున్నదందురు. మరికొందరు అందేమియు లేదందురు. వేపచెట్టు చరిత్రను పరిశీలించినచో ఈ రెండు మాటలును నిలువవు.

ఆరవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక యధ్యాయము నిచ్చెను. ఇండ్లయొద్దను తోటలయందును ముందుగా నాటదగిన మంగళవృక్షములలో 'అరిష్టము'ను మొదట పేర్కొనెను. అరిష్టమనగా వేప యని పలువురి యర్థము. కాని అమరకోశము వల్లించినవారికి ఆ శబ్దము కుంకుడునకును చెల్లునని తెలియును. బాల్యమున నేను ఒక్క యర్థమే చెప్పి గురువుగారిచే మొట్టికాయ తింటిని. తెగులు సోకిన కొమ్మను కత్తితో తొలగించి, వాయువిడంగములు, నెయ్యి, మన్ను కలిపి పూయుమనియు, పాలును నీరును పోయుమనియు ఆ యధ్యాయముననే కలదు. సురపాలుని వృక్షాయుర్వేదమన్ననో, దాని వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డునందలి బోడ్లియన్ గ్రంథాలయమున నుండెను. సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ వారు నలినీ సాధలే గారి ఆంగ్లానువాదముతో దానిని 1996లో వెలువరించిరి.

అయినను, వేపపప్పును నూరి ఆకులపై చిలుకరించు పద్ధతి వరాహమిహిరుని యధ్యాయమున లేదు. ఉన్నదని చెప్పుట ఆయనకు గౌరవము కాదు.

మా తల్లిగారు అక్షరములు నేర్వలేదు. కందులు, పెసలు పోసిన కుండలలో ఎండిన వేపాకు వేసెడివారు. గుమ్మడి పాదుపై ఎర్ర పెంకుపురుగులు వ్రాలినచో ఉదయము మంచు ఆరకమునుపే పొయ్యిబూడిద చల్లెడివారు. 1985వ సంవత్సరమున, క్రొత్తగా ఉద్యోగమున జేరిన గర్వముతో, నేను ఆ బూడిదను చూచి నవ్వితిని. బి.హెచ్.సి. పొడి తెచ్చి పాదులన్నిటిపై దులిపితిని. రెండు దినములలో పెంకుపురుగులు చచ్చినవి. వానితో పేనుబంకను తిను అక్షింతల పురుగులును చచ్చినవి, తేనెటీగలును రాలేదు. ఆ యేడు గుమ్మడి పూవులు విరియబూచి, పిందె నిలువక రాలిపోయినవి. అమ్మ నన్నొక్క మాటయు అనలేదు. ఎదురింటినుండి ఒక గుమ్మడికాయను అడిగి తెచ్చి సంక్రాంతినాటి కూర వండినది. ఆ కూర నేటికిని నాకు గొంతు దిగలేదు. తరువాత 1997లో ఆ పొడిని మన దేశమున నిషేధించిరి.

నాకు మరింత సిగ్గు కలిగించిన విషయము తరువాత తెలిసినది. 1962లోనే, ఢిల్లీపై మిడుతలదండు విరుచుకొనిపడినప్పుడు, భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ప్రధాన్ గారును సహచరులును వేపపప్పును నూరి నీట కలిపి పైరులపై చల్లియుండిరి. మిడుతలు వ్రాలినవి, కాని తినలేదు! 1968లో ఇంగ్లాండునందు ఆ గింజలనుండి అజాడిరాక్టిన్ అను పదార్థమును వేరుచేసిరి. అది పురుగునకు ఆకుపై విముఖత కలిగించును. కుబుసము విడువనీయక పెరుగుదలను చెరచును. విషమువలె తత్‌క్షణమే చంపదు గనుక తొందరపాటు గలవారికి నచ్చదు.

వేపనూనెతో బూజు తెగుళ్ళను అణచు విధానముపై ఒక అమెరికా సంస్థకును ఆ దేశపు వ్యవసాయశాఖకును యూరపులో 1994లో ఇచ్చిన పేటెంటును 2000లో రద్దుచేసిరి; 2005లో అప్పీలును కొట్టివేసిరి. మన ఖమ్మము సీమలోని పునుకుల గ్రామము వేపగింజల కషాయము మొదలగువానితో పురుగుమందులను మానుకొని పేరుగాంచినది.

ఇక నా పద్ధతి. వేసవి చివర రాలిన వేపపండ్ల గింజలను కడిగి నీడన ఆరబెట్టుదును. ఏడాది దాటిన గింజ పనికిరాదు. లీటరు నీటికి ఏబది గ్రాముల పప్పు చొప్పున కచ్చాపచ్చాగా దంచి, గుడ్డమూట గట్టి, రాత్రియంతయు నానబెట్టి, ఉదయమున పిండి వడగట్టి యుంచుదును. ఆకునకు అంటుకొనుటకై కొంచెము కుంకుడురసము చేర్చుదును. గురువుగారు చెప్పించిన రెండర్థములును ఆ కుండలో కలిసినవి! ఎండకు దీని సత్తువ తగ్గును గనుక, ప్రొద్దు వాలిన పిమ్మట ఆకుల అడుగుభాగము తడియునట్లు చల్లుదును. ముదిరిన గొంగళిపురుగులపై ఇది అంతగా పనిచేయదు. వానిని చేతితో ఏరి కోళ్ళకు వేయుదును.