మల్టీహోమింగ్: రెండు నెట్‌వర్కులకు కలిసిన కంప్యూటరు

ఒకే కంప్యూటరు ఒకే సమయంలో రెండు వేర్వేరు నెట్‌వర్కులకు కలిసి ఉండటాన్ని మల్టీహోమింగ్ అంటారు. కేబుల్‌తో ఆఫీసు ల్యాన్‌కు, వైఫైతో ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిసిన ల్యాప్‌టాప్, రెండు నెట్‌వర్క్ కార్డులున్న సర్వర్, ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద వీపీఎన్ నడుస్తున్న కంప్యూటరు అన్నీ ఈ కోవలోకే వస్తాయి. విడివిడిగా చూస్తే రెండు కనెక్షన్లూ చక్కగా పనిచేస్తాయి. రెండూ కలిపేసరికి ఇంటర్నెట్ ఆగిపోతుంది, లేదా ఆఫీసు సర్వర్ దొరకదు. అప్పుడు కేబుల్‌నో డ్రైవర్‌నో అనుమానించడం పరిపాటి. చాలాసార్లు తప్పు వాటిది కాదు. ఈ చిక్కుల్లో ఎక్కువ భాగం ఇంటర్నెట్ పుట్టుకతో వచ్చిన రెండు నిర్ణయాల ఫలితం. చిరునామా కంప్యూటరుకు కాక దాని కనెక్షన్‌కు ఇవ్వడం ఒకటి, ప్యాకెట్ ఏ దారిన పోవాలో గమ్యాన్ని మాత్రమే చూసి తేల్చడం రెండోది.

ఆర్పానెట్ వేసిన పునాది

1969లో అమెరికాలో మొదలైన ఆర్పానెట్‌లో ప్రతి కంప్యూటరూ ఐఎంపీ అనే స్విచింగ్ యంత్రానికి కలిసేది. ఆ ఐఎంపీ సంఖ్య, అందులో కంప్యూటరు కలిసిన పోర్టు సంఖ్య, ఈ రెండూ కలిపితే దాని చిరునామా. 1972లో ఓక్లహోమాలోని టింకర్ వైమానిక స్థావరం ఆర్పానెట్‌లో చేరుతూ, ఒక లైను తెగినా పని ఆగకూడదని రెండు ఐఎంపీలకు కనెక్షన్ అడిగిందని, సమస్య అక్కడే బయటపడిందని ఆర్పానెట్ తొలితరం ఇంజనీరు జాన్ డే రాశారు. రెండు పోర్టులంటే రెండు చిరునామాలు. అవి రెండూ ఒకే యంత్రానివని నెట్‌వర్కుకు తెలిసే వీలు లేదు. రెండు వీధుల్లో గుమ్మాలున్న ఇంటికి రెండు డోర్ నంబర్లు వేసి, ఇల్లు ఒకటేనని పోస్ట్‌మ్యాన్‌కు చెప్పకపోతే ఏమవుతుందో ఇక్కడా అదే అయింది. మొదటి గుమ్మానికి తాళం పడితే ఉత్తరం వెనక్కి పోవాల్సిందే.

వింట్ సర్ఫ్, బాబ్ కాన్ 1974 మేలో ప్రచురించిన పత్రం వేర్వేరు నెట్‌వర్కులను కలిపే పద్ధతిని ప్రతిపాదించింది. అందులో గేట్‌వే అంటే రెండు నెట్‌వర్కుల్లోనూ కనెక్షన్ ఉన్న కంప్యూటరే. 1977 నవంబరు 22న ప్యాకెట్ రేడియో అమర్చిన వ్యాను, ఆర్పానెట్, అట్లాంటిక్ మీదుగా సాగే ఉపగ్రహ నెట్‌వర్కు మూడింటి గుండా సందేశాలు పంపి చూపారు. ఆ ప్రదర్శనలో పనిచేసినవి ఈ గేట్‌వేలే. రెండు నెట్‌వర్కుల కంప్యూటరు ఇంటర్నెట్‌కు తరవాత వచ్చిన తలనొప్పి అనుకోవడం పొరపాటు, ఇంటర్నెట్ నిలబడిందే దాని మీద. దారి చూపే బాధ్యత లేని మామూలు కంప్యూటరుకు రెండు కనెక్షన్లు ఉంటే ఎలా నడుచుకోవాలన్నదే తేలకుండా మిగిలింది.

ఇంటర్నెట్ నియమాలు చెప్పే పత్రాలను ఆర్‌ఎఫ్‌సీలు అంటారు. జాన్ పోస్టెల్ సంపాదకత్వంలో 1981 సెప్టెంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 791, ఐపీ (ఇంటర్నెట్ ప్రోటోకాల్) ప్రమాణ పత్రం. ఒక కంప్యూటరుకు ఒకటికి మించి ఇంటర్‌ఫేస్‌లు (నెట్‌వర్కుకు కలిసే చోట్లు), చిరునామాలు ఉండవచ్చని అది ఒప్పుకుంది. అయినా చిరునామా మాత్రం ఇంటర్‌ఫేస్‌దిగానే ఉండిపోయింది. మరుసటి ఏడాది ఎంఐటీకి చెందిన జెరోమ్ సాల్ట్‌జర్, సేవ పేరు వేరు, యంత్రం పేరు వేరు, అది నెట్‌వర్కుకు కలిసే చోటు వేరు, అక్కడికి చేరే దారి వేరు అని విడదీసి చూపారు. ఈ విషయం మీద వచ్చిన రచనల్లో ఇంత స్పష్టమైనది మరొకటి లేదనే చెప్పాలి. సాల్ట్‌జర్ రచనను ఆర్‌ఎఫ్‌సీ 1498గా 1993లో మళ్లీ ప్రచురించారు. కానీ 1983 జనవరి 1నే ఆర్పానెట్ మొత్తం ఐపీ మీద నడిచే టీసీపీ/ఐపీ పద్ధతికి మారిపోయింది. పునాది మార్చే అవకాశం ఆ రోజుతో పోయింది.

బలహీన పద్ధతి, బలమైన పద్ధతి

1983లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం విడుదల చేసిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో టీసీపీ/ఐపీ విశ్వవిద్యాలయాలకు విస్తరించింది. రెండో నెట్‌వర్క్ కార్డు తగిలించడం తేలికైంది. రెండు కార్డులు కనిపించగానే తమను గేట్‌వేలుగా భావించుకుని, ఒకవైపు నుంచి వచ్చిన ప్యాకెట్లను ఎవరూ చెప్పకుండానే మరోవైపుకు తోసే యంత్రాలు తయారయ్యాయి. రాబర్ట్ బ్రేడెన్ సంపాదకత్వంలో 1989 అక్టోబరులో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1122 దీన్ని నిషేధించింది. ఒకటికి మించి ఇంటర్‌ఫేస్‌లు ఉన్నంత మాత్రాన ఏ కంప్యూటరూ తనంతట తాను గేట్‌వే కాకూడదని, ఆ స్విచ్ మొదట ఆఫ్‌లోనే ఉండాలని తేల్చిచెప్పింది.

ఒక ఇంటర్‌ఫేస్ చిరునామాకు ఉద్దేశించిన ప్యాకెట్ మరో ఇంటర్‌ఫేస్ గుండా వస్తే తీసుకోవచ్చా? ఈ ప్రశ్నకు మాత్రం అదే పత్రం రెండు జవాబులనూ అనుమతించింది. తీసుకోవచ్చనేది బలహీన పద్ధతి, కూడదనేది బలమైన పద్ధతి. లైనక్స్ మొదటి నుంచీ బలహీన పద్ధతినే పాటిస్తోంది. విండోస్ ఎక్స్‌పీ దాకా ఐపీవీ4లో అలాగే నడిచిన విండోస్, విస్టాతో బలమైన పద్ధతికి మారింది. పాత విండోస్‌లో ఏళ్ల తరబడి నడిచిన ఏర్పాటు కొత్త యంత్రంలో మొరాయించడానికి ఇది ఒక కారణం. ప్రమాణం రాసేవాళ్లు ఒక్క జవాబు మీద నిలబడి ఉంటే ఎందరో నిర్వాహకులకు ఎన్నో రాత్రులు మిగిలేవి.

లోపం వెతికే పనిముట్లు

మైక్ మ్యూస్ 1983 డిసెంబరులో అమెరికా సైన్యానికి చెందిన బాలిస్టిక్ పరిశోధనశాలలో పింగ్ రాశారు. 1980ల చివర లారెన్స్ బర్క్‌లీ లేబొరేటరీలో వాన్ జేకబ్సన్ ట్రేస్‌రూట్ తయారుచేశారు. కార్డు గుండా పోయే ప్యాకెట్లను పట్టి చూపే టీసీపీడంప్‌నూ క్రెయిగ్ లెరెస్, స్టీవెన్ మెకాన్‌లతో కలిసి అక్కడే రూపొందించారు. అలాంటి పనే చేసే, జెరాల్డ్ కోంబ్స్ 1998లో ఇథీరియల్ పేరుతో విడుదల చేసిన ప్రోగ్రాము 2006 నుంచి వైర్‌షార్క్‌గా ప్రసిద్ధికెక్కింది. రెండు నెట్‌వర్కుల సమస్యలో పింగ్, ట్రేస్‌రూట్ సగం మాటే చెబుతాయి. జవాబు వచ్చిందో లేదో పింగ్ చెబుతుంది తప్ప ఏ కార్డు గుండా వచ్చిందో చెప్పదు. ట్రేస్‌రూట్ పోయే దారినే చూపుతుంది, తిరిగొచ్చే దారిని చూపదు. తిరుగుదారి తెలియకపోతే ఈ సమస్య తేలదు.

ఒక సందర్భాన్ని దగ్గరగా చూద్దాం. ఒక లైనక్స్ సర్వర్‌కు మొదటి కార్డు మీద 10.20.0.5, రెండో కార్డు మీద 192.168.50.5 అనే చిరునామాలు ఉన్నాయి. ప్రత్యేక దారి లేని ప్యాకెట్లన్నీ పోయే డిఫాల్ట్ గేట్‌వే మొదటి కార్డు వైపు ఉంది. 172.16.9.30 నుంచి ఒకరు 192.168.50.5ను పిలిచారు. పిలుపు రెండో కార్డు గుండా లోపలికి వచ్చింది. జవాబు పంపేటప్పుడు సర్వర్ గమ్యాన్నే చూస్తుంది. 172.16.9.30కు ప్రత్యేకమైన దారి రాసి లేదు కాబట్టి జవాబు మొదటి కార్డు గుండా బయటికి పోతుంది. ఆ వైపున్న ఫైర్‌వాల్ మొదటి పిలుపును చూడలేదు. తెలియని సంభాషణకు జవాబు వచ్చిందని దాన్ని పారేస్తుంది. 192.168.50 నెట్‌వర్కులోనే ఉన్నవాళ్లకు మాత్రం సర్వర్ నిక్షేపంగా పనిచేస్తుంది. కొందరికి అందడం, కొందరికి అందకపోవడం ఈ లోపానికి గుర్తు. రెండు కార్డుల మీదా ఒకేసారి టీసీపీడంప్ నడిపితే పిలుపు ఒకచోట, జవాబు మరోచోట కళ్లెదుట కనిపిస్తాయి.

ఒక్కోసారి జవాబే పుట్టదు. దొంగ చిరునామాలతో వచ్చే ప్యాకెట్లను నెట్‌వర్కు అంచుల్లోనే ఆపాలని పాల్ ఫెర్గూసన్, డేనియల్ సీనీ 1998లో రాసిన పత్రం 2000 మేలో ఆర్‌ఎఫ్‌సీ 2827గా స్థిరపడింది. అదే ఆలోచన లైనక్స్‌లో ఆర్‌పీ ఫిల్టర్ అనే అమరికగా ఉంది. దాన్ని కఠిన స్థాయిలో, అంటే 1 విలువతో పెడితే, తిరుగుదారి వేరే కార్డు మీద ఉన్న ప్యాకెట్‌ను కెర్నల్ మాట్లాడకుండా పారేస్తుంది. టీసీపీడంప్ ఆ వడపోత కంటే ముందే ప్యాకెట్‌ను పట్టుకుంటుంది కాబట్టి తెరమీద పిలుపు కనిపిస్తూనే ఉంటుంది, ప్రోగ్రాముకు మాత్రం చేరదు. అనుభవజ్ఞులనూ తికమకపెట్టే లోపం ఇది. ఆ విలువను 2కు మారిస్తే ఏదో ఒక కార్డు గుండా తిరుగుదారి ఉంటే చాలునని కెర్నల్ ఒప్పుకుంటుంది. రెండు నెట్‌వర్కులున్న చోట ఈ వడపోత తెచ్చే ఇబ్బందుల కోసమే 2004లో ఆర్‌ఎఫ్‌సీ 3704 రాయాల్సి వచ్చింది.

అసలైన మందు 1999 జనవరిలో లైనక్స్ 2.2తో వచ్చింది. అలెక్సీ కుజ్నెత్సోవ్ రాసిన ఐపీరూట్2తో, గమ్యాన్నే కాక బయల్దేరిన చిరునామాను కూడా చూసి దారి ఎంచుకోవచ్చు. 192.168.50.5 నుంచి బయల్దేరే ప్రతి ప్యాకెట్‌కూ వేరే రూటింగ్ టేబుల్ (దారుల పట్టిక) వాడమని ఒక్క నియమం రాస్తే పై సర్వర్ సమస్య తీరిపోతుంది.

డెస్క్‌టాప్‌లో

మామూలు వాడుకదారుకు ఎదురయ్యేది ఇంతకంటే చిన్న సమస్య. వైఫైతో ఇంటర్నెట్ నడుస్తుంటుంది. ఏదో యంత్రానికో ప్రయోగశాల పరికరానికో కేబుల్ తగిలిస్తారు. ఆ కార్డు అమరికల్లో గేట్‌వే గడిని కూడా నింపుతారు. వెంటనే ఇంటర్నెట్ పోతుంది. విండోస్ ప్రతి దారికీ మెట్రిక్ అనే సంఖ్య వేస్తుంది, తక్కువ సంఖ్య ఉన్న దారికే మొగ్గు. ఆటోమేటిక్‌గా వదిలేస్తే లింకు వేగాన్ని బట్టి ఆ సంఖ్య పడుతుంది కాబట్టి, బయటికి దారిలేని గిగాబిట్ కేబుల్ ఇంటర్నెట్ ఉన్న వైఫైని పక్కకు నెడుతుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో రూట్ ప్రింట్ అని కొడితే 0.0.0.0తో మొదలయ్యే వరుసలు రెండు కనిపిస్తాయి. ఒక్కటే ఉండాలి. కేబుల్ వైపు గేట్‌వే గడిని ఖాళీగా వదలాలి. ఆ వైపు ఇంకా దూరపు నెట్‌వర్కులు ఉంటే వాటికి మాత్రమే రూట్ యాడ్‌తో దారి రాయాలి. పీ స్విచ్ జోడించకపోతే రీస్టార్ట్‌తో ఆ దారి చెరిగిపోతుంది. రెండో గేట్‌వే ఇచ్చినప్పుడు, వేర్వేరు నెట్‌వర్కుల మీద రెండు గేట్‌వేలు సరిగా పనిచేయవని విండోస్ స్వయంగా హెచ్చరించేది. చాలామంది చదవకుండానే యెస్ నొక్కేవారు.

రెండు వైపులా ఒకే చిరునామాలు పడటం మరో రకం. 1996 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1918, 10, 172.16, 192.168లతో మొదలయ్యే శ్రేణులను ప్రైవేటు వాడకానికి వదిలింది. ఇళ్లలోని రౌటర్లు ఎక్కువగా 192.168.0, 192.168.1 శ్రేణులతోనే వస్తాయి. ఆఫీసులోనూ అదే శ్రేణి ఉంటే కంప్యూటరు రెంటినీ వేరుచేయలేదు. అక్కడ మెట్రిక్‌లతో కుస్తీపట్టడం వృథా, ఒకవైపు శ్రేణి మార్చాల్సిందే.

సంఖ్యతో పిలిస్తే పలికి, పేరుతో పిలిస్తే పలకకపోతే అది పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్ సమస్య. ఆఫీసు సర్వర్ పేరు హాట్‌స్పాట్ డీఎన్‌ఎస్‌కు తెలియదు. విండోస్ 8 నుంచి ఒకే ప్రశ్నను అన్ని ఇంటర్‌ఫేస్‌ల మీదా ఒకేసారి అడిగే పద్ధతి వచ్చింది. వేగం పెరిగినా ఆఫీసు లోపలి పేర్లు బయటివాళ్లకు తెలిసిపోతున్నాయన్న విమర్శ దీనిమీద ఉంది, అది న్యాయమైన విమర్శే.

వీపీఎన్ కూడా కంప్యూటరు దృష్టిలో రెండో నెట్‌వర్కు కార్డే. 2020 మార్చి లాక్‌డౌన్‌తో హైదరాబాద్, విశాఖ ఐటీ ఉద్యోగులు ఇళ్ల నుంచి పని మొదలుపెట్టాక ఇది ఇంటింటి విషయమైంది. వీపీఎన్ కలవగానే ఇంట్లో ప్రింటర్ కనిపించకుండా పోతే అది చెడిపోయినట్టు కాదు. ప్యాకెట్లన్నీ ఆఫీసు మీదుగానే పోవాలని కంపెనీ నియమం పెట్టిందన్న మాట. ఆఫీసు పనివి మాత్రమే అటు పంపి మిగతావాటిని వదిలేసే అమరికను స్ప్లిట్ టన్నెలింగ్ అంటారు.

భద్రత కోణం

రెండు కార్డులు పెట్టి, వాటి మధ్య ప్యాకెట్లు దాటకుండా ఆపిన కంప్యూటరే తొలినాటి ఫైర్‌వాల్ రూపాల్లో ఒకటి. విలియం చెస్విక్, స్టీవెన్ బెల్లోవిన్ 1994లో ప్రచురించిన పుస్తకంతో ఫైర్‌వాల్ నిర్మాణం విస్తృతంగా తెలిసింది. ఆ కాపలా లేని రెండు కార్డుల యంత్రం దొడ్డిదారి అవుతుంది. ఆఫీసు కేబుల్ ఉండగా ఫోన్ హాట్‌స్పాట్ కలపడాన్ని చాలా సంస్థలు నిషేధించడానికి కారణం ఇదే.

2024 మేలో వెల్లడైన టన్నెల్‌విజన్ అనే దాడి ఈ సమస్య ఇంకా తీరలేదని చూపింది. కంప్యూటర్లకు చిరునామాలు పంచే పద్ధతి డీహెచ్‌సీపీ. అందులో 2002లో ఆర్‌ఎఫ్‌సీ 3442 ద్వారా వచ్చిన ఆప్షన్ 121, స్థానిక నెట్‌వర్కు నుంచే కంప్యూటరుకు దారులు రాసి ఇవ్వగలదు. దాన్ని వాడుకుని వీపీఎన్‌లోకి పోవాల్సిన ప్యాకెట్లను బయటికి మళ్లించవచ్చని పరిశోధకులు నిరూపించారు. వీపీఎన్ మాత్రం కలిసే ఉన్నట్టు చూపుతుంది. ఆ ఆప్షన్‌ను అసలు పట్టించుకోని ఆండ్రాయిడ్ ఫోన్లు ఈ దాడికి చిక్కలేదు.

కొత్త ప్రోటోకాళ్లు

2000లో వచ్చిన ఎస్‌సీటీపీ ఒకే సంభాషణకు రెండు చిరునామాలు వాడనిచ్చింది. టెలికాం రంగం దాటి అది పెద్దగా వ్యాపించలేదు. 2013 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 6824గా వచ్చిన, టీసీపీలో అలాంటి పనే చేసే మల్టీపాత్ టీసీపీకి ఎక్కువ ఆదరణ దక్కింది. అదే ఏడాది ఐఓఎస్ 7లో ఆపిల్ దాన్ని సిరి కోసం వాడింది. వైఫై బలహీనపడితే సంభాషణ తెగకుండా మొబైల్ డేటా మీదికి మారుతుంది. లైనక్స్ ప్రధాన కెర్నల్‌లోకి అది 2020 మార్చిలో 5.6 వెర్షన్‌తో చేరింది. అయితే రెండు కొసల్లోని యంత్రాలూ ఒప్పుకుంటేనే అది పనిచేస్తుంది. లేకపోతే మామూలు టీసీపీయే నడుస్తుంది, రూటింగ్ టేబుల్ తెరిచి డిఫాల్ట్ గేట్‌వేలు లెక్కపెట్టే పని నిర్వాహకుడికి తప్పదు.