గోడల మాటున పెరిగిన జబ్బు

పదిహేడో శతాబ్దపు ఇంగ్లండ్‌లో పసిపిల్లల కాళ్లు దొడ్డికాళ్లుగా వంగిపోవడం, రొమ్ము ఎముక ముందుకు పొడుచుకురావడం, నడక ఆలస్యం కావడం వైద్యులను కలవరపెట్టాయి. 1645లో డేనియల్ విస్లర్, 1650లో ఫ్రాన్సిస్ గ్లిసన్ ఈ రికెట్స్ లక్షణాలను వివరంగా రాశారు గాని, కారణం వాళ్లకు దొరకలేదు. ఆ తర్వాత రెండు శతాబ్దాలకు పైగా తిండిని, తేమను, వంశాన్ని, మురికిని వంతులవారీగా తప్పుపట్టారు. ఈలోగా బొగ్గుపొగ కమ్మిన నగరాలు పెరిగాయి. ఇరుకు సందుల్లో ఎత్తయిన ఇళ్లు లేచాయి. గ్లాస్గో వంటి చోట్ల జబ్బు వీధివీధికీ పాకింది. నగరంలో పెరిగే పిల్లలకూ పల్లె పిల్లలకూ ఉన్న తేడాను గమనించిన పోలండ్ వైద్యుడు స్నియాదెత్స్కీ, 1822లోనే పిల్లల్ని ఎండలో తిప్పమన్నాడు. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. ఎండ కొరత అంటే చలిదేశాల ఆకాశం చేసే అన్యాయమని మనం అనుకుంటాం. రికెట్స్ చరిత్ర చదివితే, ఆ కొరతను చాలావరకు మనుషులే తమ ఇళ్లతో, పనివేళలతో, ఆచారాలతో తెచ్చుకున్నారని తెలుస్తుంది.

ఈ సంగతిని అందరికన్నా స్పష్టంగా చూసినవాడు థియోబాల్డ్ పామ్. జపాన్‌లో ఏళ్ల తరబడి మిషనరీ వైద్యుడిగా పనిచేసిన ఆయనకు అక్కడ రికెట్స్ దాదాపుగా తారసపడలేదు. బ్రిటన్‌కు తిరిగివచ్చాక ఎటు చూసినా అదే. ఆయన చైనా, జపాన్, భారతదేశం వంటి చోట్ల ఉన్న వైద్యుల నుంచి సమాచారం సేకరించి, 1890లో ఒక వ్యాసం ప్రచురించాడు. తూర్పుదేశాల పేదలు ఇంగ్లండ్ పేదల కన్నా నాసిరకం తిండి తింటున్నారు, పారిశుధ్యమూ అంతంతమాత్రమే, అయినా వాళ్ల పిల్లల ఎముకలు వంగడం లేదు. ఆ పిల్లలకు ఉన్నదీ ఇంగ్లండ్ పిల్లలకు లేనిదీ ఎండ ఒక్కటే. ప్రయోగశాల లేకుండా, ఉత్తరాలతో, పటాలతో ఇంత దూరం తర్కించిన పామ్‌కు బతికుండగా దక్కాల్సిన గౌరవం దక్కలేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధించే విషయం.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. 1919లో ఎడ్వర్డ్ మెల్లన్‌బీ కుక్కపిల్లలకు తిండి మార్చి రికెట్స్ తెప్పించాడు, కాడ్ చేప కాలేయపు నూనెతో నయం చేశాడు. అలాంటప్పుడు లోపం తిండిదే కదా? కాని ఆ కుక్కపిల్లలను ఎండ తగలకుండా ఇంటి లోపలే పెంచారన్నది మరవకూడదు. అదే ఏడాది బెర్లిన్‌లో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ రికెట్స్ పిల్లలకు పాదరసపు దీపం నుంచి అతినీలలోహిత కిరణాలు పట్టించాడు. ఒక చేతికే కాంతి పట్టిస్తే రెండో చేతి ఎముకలూ కుదురుకున్నాయి. అంటే చర్మంలో పుట్టినదేదో రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతోందన్నమాట. వియన్నాలో హారియెట్ చిక్ బృందం నూనె, ఎండ రెండూ పనిచేస్తాయని చూపింది. ఎండ పడని చోట నూనె ఆదుకుంటుంది, ఎండ పడే చోట చర్మమే ఆ పదార్థాన్ని తయారుచేస్తుంది. దాని పేరు విటమిన్ డి.

మన దేశంలో ఎండకేం కొదవ అనేవారికి 1922 నాటి నాసిక్ అధ్యయనం జవాబు చెబుతుంది. హచిసన్, షా అనే వైద్యులు అక్కడ పిల్లలను పరీక్షిస్తే, రికెట్స్ ఎక్కువగా కనిపించింది పరదా పాటించే కలిగిన కుటుంబాల్లో. అరకొర తిండితో పొలాల్లో తిరిగే పేదల పిల్లల ఎముకలు గట్టిగా ఉన్నాయి. కశ్మీర్‌లో పనిచేసిన డాక్టర్ కాథ్లీన్ వాన్ 1928లో మరింత దారుణమైన సంగతి రాసింది. గదుల్లో మూసిపెట్టిన స్త్రీల కటి ఎముకలు మెత్తబడి, ఇరుకై, కాన్పు ప్రాణాంతకమయ్యేది. తెలుగునాట కలిగిన ఇళ్లలోనూ ఘోషా పేరుతో ఈ పరదా ఉండేది. విశాఖలోని విక్టోరియా ఆసుపత్రిని జనం నేటికీ ఘోషాసుపత్రి అంటారు. మర్యాద పేరిట పెట్టిన తెర ఆడవాళ్ల ఎముకలను తినేసిందనడం అతిశయోక్తి కాదు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. నల్లగొండ పల్లెల్లో కాళ్లు వంకరపోవడానికి కారణం నీటిలోని ఫ్లోరైడ్. దాన్ని ఈ లెక్కలో వేయకూడదు.

ఎండను అన్నిటికీ మందుగా నమ్మిన కాలమూ ఒకటుంది. స్విట్జర్లండ్‌లోని లేజాంలో ఒగూస్త్ రోలియే 1903 నుంచి ఎముకల క్షయకు సూర్యచికిత్స చేశాడు. క్షయకు స్ట్రెప్టోమైసిన్ మందు వచ్చాక ఆ మోజు పోయింది. అతినీలలోహిత కిరణాల వల్ల ఎలుకల చర్మానికి క్యాన్సర్ వస్తుందని 1928లోనే తేలింది. ఇవన్నీ నిజమే. అయితే నేను ఎండకు అంటగట్టే మేలు ఎముకలదే, దానికి ఒళ్లు మాడేంత ఎండ అక్కర్లేదు.

2007లో ప్రచురితమైన తిరుపతి పరిశోధనలో ఆరోగ్యవంతుల్లోనే విటమిన్ డి లోపం విస్తారంగా బయటపడింది. పల్లెవాళ్ల కన్నా పట్టణవాసుల్లో అది మరీ ఎక్కువ. విటమిన్ తయారుచేసే కిరణాలు పొద్దెక్కాకే బలంగా పడతాయి, కిటికీ అద్దాన్ని దాటలేవు. చామనఛాయ చర్మానికి మరికాస్త సమయం కావాలి. పొద్దెక్కే వేళకు పిల్లలు తరగతి గదుల్లో, పెద్దలు ఆఫీసుల్లో ఉంటారు. మే నెల మధ్యాహ్నం ఎవరినీ ఎండలో నిలబడమనలేం, వడదెబ్బ ప్రాణం తీస్తుంది. కాని శీతాకాలంలో ఆ భయం లేదు. అప్పుడైనా బడిలో భోజన విరామాన్ని ఆవరణలో గడపనివ్వడం విద్యాశాఖ చేయగల పని. అపార్ట్‌మెంట్ల మధ్య ఎండ పడేంత ఖాళీ వదిలితేనే అనుమతి ఇస్తామనడం పురపాలక సంఘాలు చేయగల పని.