కలకండ : కొన్ని పేర్ల పుట్టుక

అంగళ్లలో రంగుకాగితము చుట్టి అమ్ము తీపిబిళ్లను నేడు 'క్యాండీ' యనుచున్నాము. ఈ మాటను ఆంగ్లేయులు తెచ్చిరి. కాని మూలము మనదేశమునదే. సంస్కృతమున 'ఖండ' మనగా ముక్క. గడ్డకట్టిన చక్కెరకును ఆ పేరే కలిగెను. అది పారసీకమున 'కంద్' అయి, అరబ్బీ, ఫ్రెంచి భాషల మీదుగా ఇంగ్లీషును చేరినది. తొలుత కంకరరాతిని తెలిపిన 'శర్కర' 'షుగర్' అయిన త్రోవయు నించుమించు నిదియే. మన 'కండచక్కెర'లో ఈ రెండు మాటలును నేటికిని జంటగా నున్నవి. పటికబెల్లమను పేరు మాత్రము చూపును బట్టి వచ్చినది. దాని పలుకులు పటికను పోలియుండును.

హిందీవారు కలకండను 'మిస్రీ' యనియు, తెల్లచక్కెరను 'చీనీ' యనియు నందురు. మిస్ర్ అనగా ఈజిప్టు. ఇంతమాత్రమున చక్కెర పరదేశమున పుట్టినదనుట తొందరపాటు. క్రీ. శ. 647 ప్రాంతమున చీనా చక్రవర్తి తైత్సుంగు చక్కెర వండు విధము నేర్చి రమ్మని మగధకు మనుష్యులను పంపినట్లు ఆ దేశపు చరిత్రగ్రంథములే చెప్పుచున్నవి. కావున ఈ పేర్లు శుద్ధి చేసిన మేలిసరకు కీర్తిని తెలుపునే కాని చక్కెర జన్మభూమిని తెలుపవని మా అభిప్రాయము. తెలుగున 'చీనీ' చక్కెరకు నాటుకొనలేదు. రాయలసీమలో చీనీ యనిన బత్తాయిపండు.