రహీం సాబ్ తర్వాత ఎవరు?

నాంపల్లి స్టేషన్‌కు నాలుగడుగుల దూరంలో ఉన్న ఒక ఇరానీ హోటల్లో, పాలరాతి బల్ల మీద మా చిన్నాయన అగ్గిపుల్లలు పేర్చేవాడు. వెనక నాలుగు, నడుమ రెండు, ముందు నాలుగు. ఖాళీ అగ్గిపెట్టె గోల్‌కీపర్. నాకప్పుడు పదేళ్లుంటాయి. ఉస్మానియా బిస్కెట్‌ను చాయ్‌లో ముంచి, విరిగి పడకముందే నోట్లో వేసుకోవడమే నాకు పెద్ద పని. ఆయనది అక్కడికి దగ్గర్లోనే సర్కారు దఫ్తరులో గుమాస్తా కొలువు. సాయంత్రం ఐదు దాటిందంటే ఫైళ్లన్నీ మరిచి ఫుట్‌బాల్‌లో పడేవాడు.

"గిదీ రహీం సాబ్ ఆట. నడిమిట్ల ఇద్దరే ఉన్నట్టు కొడుతది గని, బాల్ మన కాడుంటే ముంగట ఆరుగురు, పోయిందంటే ఎనుక ఆరుగురు" అని ఆ రెండు పుల్లల్ని ముందుకీ వెనక్కీ జరిపి చూపేవాడు.

పక్క బల్ల నుంచి ఎవరో ఒకరు అందుకునేవారు. "మగర్ అబ్ కౌన్ హై, మియా?"

మరి ఇప్పుడెవరున్నారు? ఆబిడ్స్, నాంపల్లి హోటళ్లలో నేను విన్న ఫుట్‌బాల్ వాదాలన్నీ తిరిగి తిరిగి ఈ మాట దగ్గరికే వచ్చేవి. పోలీసు జట్టును ఎవరికప్పగించాలి, రాష్ట్ర జట్టును ఎవరు నడపాలి, కలకత్తా పోయినవాళ్లలో ఎవరిని వెనక్కి పిలవాలి. పేర్ల మీద పేర్లు. తర్వాతి కోచ్ ఎవరన్న ఆ వాదం ఈ నగరంలో ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ పోతే ఒక బడిపంతులి దగ్గర ఆగాల్సి వచ్చింది.

ముందు కోచ్ అన్న మాట సంగతి. హంగరీలో కోచ్ అనే ఊరుంది. అక్కడి వడ్రంగులు చేసే గుర్రపు బండి ఐరోపా అంతటా పేరుపడి, ఊరి పేరే బండి పేరయింది. 1830ల ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు, తమను పరీక్ష గట్టెక్కించే ట్యూటర్‌ను వేళాకోళంగా కోచ్ అనడం మొదలుపెట్టారు. మరో ముప్పై ఏళ్లకు ఆ మాట ఆటల మైదానంలోకి దిగింది. అంటే మైదానానికి రాకముందు కోచ్ పాఠం చెప్పేవాడే. హైదరాబాదు విషయంలో ఈ అర్థమే అక్షరాలా నిజమైంది.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడి జట్టుకు ఆడాడు. ఆ తర్వాత కాచిగూడ మిడిల్ స్కూల్లో, దారుల్ ఉలూమ్‌లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పాఠాలు చెప్పాడు. 1940ల తొలినాళ్లలోనే హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. చనిపోయేదాకా ఆ బాధ్యత వదల్లేదు.

అయితే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును మొదలు నిలబెట్టింది ఆయన కాదు. ఆ గౌరవం నార్బర్ట్ ఆండ్రూ ఫ్రూవాల్‌ది. 1943లో బెంగళూరులో ఆష్ గోల్డ్ కప్ ఫైనల్లో ఈ పోలీసులు ఓడించిన బ్రిటిష్ వైమానికదళ జట్టులో డెనిస్ కాంప్టన్ ఉన్నాడు. ఇంగ్లండ్‌కు క్రికెట్లో బ్యాటింగ్ చేస్తూ, ఆర్సెనల్‌కు ఫుట్‌బాల్ ఆడిన మనిషి. ఫ్రూవాల్ పేరు ఇవాళ ఈ ఊళ్లో ఎందరికి గుర్తుందో గానీ, రహీం కథ చెప్పేవాళ్లు ఆయన్ను దాటేసి పోవడం నాకు నచ్చదు. పునాది లేకుండా మిద్దె లేవదు.

1950లో ఆ జట్టు రహీం చేతికొచ్చింది. ఆ ఏడాదే ఢిల్లీలో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ తెచ్చింది. బొంబాయిలో రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు ఇంకెవరికీ దక్కనివ్వలేదు. 1956-57, 1957-58 సీజన్లలో సంతోష్ ట్రోఫీ రెండుసార్లూ హైదరాబాదుదే. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం. సికింద్రాబాదు అవతలి నుంచి శిక్షణకు రావడానికి బలరాం చేతిలో డబ్బు లేకపోతే, సైకిలు అద్దె రహీం తన జేబులోంచి ఇచ్చేవాడు. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రాడు రెండు ఒలింపిక్స్ ఆడాడు.

ఆయన ఏం నేర్పాడన్నది ఇక్కడ కాస్త నిలబడి చెప్పుకోవాలి. చిన్నాయన వాదమంతా దాని మీదే. అప్పటి మన ఆటలో బంతి కాలికి తగిలిందంటే ఎవడి విద్య వాడు చూపించడమే. ఇద్దరిని తప్పించి, ముగ్గురిని తప్పించి, నాలుగోవాడికి దొరికిపోవడం. రహీం దీన్ని మాన్పించాలనుకున్నాడు. కుర్రాళ్లకు డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టాడు. బంతి వచ్చిన వెంటనే వదలాలి. ఎడమకాలితోనే, అంటే బలం లేని కాలితోనే ఆడాలన్న పోటీలు పెట్టాడు. కుడికాలి వాటం వాడికి ఎడమకాలు కూడా పలకాలంటే వ్యాసం రాయించినట్టు రాయించాల్సిందేనని పంతులుకు తెలుసు. దాడి అంటే వేగంగా పరుగెత్తడం కాదు, మనిషి కంటే బంతి ముందు పోవడం. ఇది ఆయన బడి.

ఓటములూ ఉన్నాయి. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారం తెచ్చిన, ఆయన నడిపిన భారత జట్టే, మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చితికిపోయింది. ఆ చలిలో మనవాళ్లు చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. బూట్లు తప్పనిసరి చేసింది ఆ తర్వాతే. ఆ ఒలింపిక్స్‌లో బంగారం గెలిచింది హంగరీ. సెంటర్ ఫార్వర్డ్‌ను గోల్ ముందు నిలబెట్టకుండా వెనక్కి దించి, అవతలి డిఫెండర్లకు ఎవరిని కాయాలో తోచకుండా చేసిన జట్టు. కోచ్ అనే మాట పుట్టిన దేశం కోచ్‌లకు కొత్త పాఠం చెప్పింది. ఆ పాఠం మన దేశంలో శ్రద్ధగా రాసుకున్నది రహీం. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. అంతకు మించి భారత ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌లో ఎన్నడూ పోలేదు.

అగ్గిపుల్లల 4-2-4 విషయంలో చిన్నాయన మాటలో అభిమానం పాలు కొంచెం ఎక్కువే. దాన్ని లోకానికి చూపింది 1958 ప్రపంచకప్‌లో బ్రెజిల్. కానీ దాన్ని మన జట్టుకు ఒంటబట్టించింది రహీమే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో అది పండింది.

ఆ జకార్తా కథ ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకు తనివి తీరదు. ఆతిథ్య దేశం ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ రానివ్వకపోవడాన్ని ఒక భారతీయ అధికారి తప్పుపట్టడంతో, స్టేడియం మొత్తం మనవాళ్ల మీద పగబట్టింది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. డిఫెన్స్‌కు వెన్నెముకలాంటి జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. గాయం ఉన్నవాణ్ని వెనక ఉంచితే గండం. రహీం అతన్ని కూర్చోబెట్టలేదు, సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద జర్నైల్ గోల్ కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్లో, అదే దక్షిణ కొరియా మీద, పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1. జట్టులో మన బలరాం, గోల్‌లో పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, అఫ్జల్. గట్టు మీద నిలబడిన రహీంను అప్పటికే కాన్సర్ లోలోపల తినేస్తోంది.

1963 జూన్ 11న ఆయన పోయారు. యాభై నాలుగో ఏడు నిండలేదు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన పురుషుల జట్టుకు ఆ తర్వాత మళ్లీ బంగారం రాలేదు.

ఆ జూన్‌లో పుట్టింది ఈ ప్రశ్న. అంతకు ముందు అడగాల్సిన అవసరమే ఈ ఊరికి లేదు. పోలీసు జట్టు కోచ్, దేశపు జట్టు కోచ్, సంఘం కార్యదర్శి, బడిపిల్లల పోటీలు పెట్టేవాడు, అందరూ ఒక్కడే. ఆ ఒక్కడు లేచిపోయేసరికి నాలుగు కుర్చీలు ఒకేసారి ఖాళీ అయ్యాయి. జనం మాత్రం ఒకే కుర్చీ ఖాళీ అయిందనుకున్నారు. దాంట్లో ఎవరు కూర్చోవాలని పదేళ్లు, ఇరవై ఏళ్లు వాదించుకున్నారు. చిన్నాయన కూడా అంతే. బడిపిల్లల ఎడమకాలి పోటీలు ఇప్పుడెవరు పెడుతున్నారని ఆ బల్లల దగ్గర ఒక్కరూ అడగగా నేను వినలేదు.

ఊపు వెంటనే ఆగిపోలేదు. ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో ఆ జట్టు కొన్నాళ్లు కప్పులు తెచ్చింది. 1965-66లో సంతోష్ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్‌దే. కానీ కలకత్తా క్లబ్బులు పిలుస్తున్నాయి. నయీముద్దీన్ వెళ్లాడు, మహమ్మద్ హబీబ్ వెళ్లాడు, అతని తమ్ముడు అక్బర్ వెళ్లాడు, తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు కెప్టెన్ నయీముద్దీనే. పోలీసు కొలువు ఇచ్చే నిలకడ వేరు, కలకత్తాలో లక్షమంది అరుపు వేరు. వెళ్లినవాళ్లను తప్పుపట్టలేను.

వాదంలో నలిగిన పేర్లన్నీ చివరికి కోచ్‌లయ్యాయి. ఇక్కడ మాత్రం కాదు. నయీముద్దీన్ కలకత్తా పెద్ద జట్లను నడిపి, 1990లో ద్రోణాచార్య అందుకుని, 2005లో కరాచీలో దేశానికి దక్షిణాసియా కప్పు గెలిపించాడు. షబ్బీర్ అలీ 1998-99లో గోవా జట్టు సల్గావ్‌కర్‌ను జాతీయ లీగ్ విజేతగా నిలిపాడు. హబీబ్ జంషెడ్‌పూర్‌లో టాటా అకాడమీ పిల్లలకు నేర్పాడు. రహీం కొడుకు హకీం వైమానికదళంలో పనిచేసి, అంతర్జాతీయ రిఫరీ అయి, కోచ్‌గానూ దేశం తిరిగాడు. ఊరూరికీ గురువులను పంపిన ఊరు తన బల్లల దగ్గర గురువు కోసం వెతుక్కుంటూ కూర్చుంది.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది, పూణే సిటీ జట్టు స్థానంలో. సొంత జట్టు దొరికింది, మళ్లీ వాదం లేచింది. ఈసారి పేర్లు దూరం నుంచి వచ్చాయి. ఇంగ్లండ్ నుంచి ఫిల్ బ్రౌన్ వచ్చి సీజన్ ముగియకుండానే వెళ్లాడు. స్పెయిన్ మనిషి ఆల్బర్ట్ రోకాను తర్వాతి సీజన్‌కు తీసుకుంటే, బార్సిలోనా పిలుపు రాగానే అటు పోయాడు. అప్పుడొచ్చాడు మనోలో మార్క్వెజ్, ఆయనదీ స్పెయినే. కుర్రాళ్ల మీద నమ్మకం పెట్టి, 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ టైటిల్ తెచ్చాడు. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ రాత్రి నేను టీవీ ముందు నిలబడే ఉన్నాను, కూర్చోవడం చేతకాలేదు. మార్క్వెజ్ 2023లో వెళ్లిపోయాడు. జట్టుకు డబ్బు కష్టాలొచ్చాయి, ఆటగాళ్లు చెదిరిపోయారు, ఆ సీజన్ మొత్తానికి ఒక్కటే గెలుపు. 2025లో జట్టే ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మార్చుకుంది.

చిన్నాయన మనవడు అమెరికాలో ఉంటాడు. అక్కడి ఫుట్‌బాల్ వేరు, బంతి చేత్తో పట్టుకు పరుగెత్తేది. హెడ్ కోచ్ కింద దాడికి ఒక కోచ్, రక్షణకు ఒక కోచ్. దాడి చూసేవాణ్ని అఫెన్సివ్ కోఆర్డినేటర్ అంటారు. సీజన్ బాగా సాగకపోతే మొదట పోయేది తరచూ అతనే. జనవరి వస్తే చాలు, కొత్తవాడెవరని అభిమానులు కొట్టుకుంటారు. పోయినసారి ఇంటికొచ్చినప్పుడు వాణ్ని నాంపల్లి తీసుకెళ్లాను. పాత హోటల్ లేదు, పక్క సందులో ఇంకోటుంది. చక్కెర పొట్లాలు బల్ల మీద పేర్చి తన జట్టు దాడి ఎక్కడ తప్పుతోందో చెప్పసాగాడు. చేతివాటం అచ్చం తాతదే.

"పెద్దనాయనా, రహీం సాబ్ ఏది చూసేటోడు? అఫెన్సా, డిఫెన్సా?"

నేను నోరు తెరిచేలోపు పక్క బల్ల దగ్గరి ముసలాయన ఇటు తిరిగాడు. ఇంతసేపూ వింటూనే ఉన్నాడని అప్పుడు తెలిసింది.

"అన్నీ ఆయనే సూసేది బిడ్డా. గది సరే గని, నీ టీముకు పిలగాండ్లను ఎవలు తయారు జేస్తరు?"

"కాలేజీలు తాతా. దాని కంటే ముందు హైస్కూళ్లు. ప్రతి బడికీ గ్రౌండుంటది, కోచ్ ఉంటడు."

ముసలాయన తల ఊపాడు. బల్ల మీది పొట్లాల్లో ముందున్న నాలుగింటిని వేలితో కాస్త వెనక్కి జరిపాడు. తర్వాత కిటికీలోంచి స్టేషన్ వైపు చూస్తూ, చాయ్ ఇంకో రెండు చెప్పాడు.