స్పీకరు - యాంప్లిఫైయరు జోడీ: గృహ స్టీరియో చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- గృహ స్టీరియో పరిణామంలోని ముఖ్య దశలను వివరించగలుగుతారు.
- స్పీకర్లలో వచ్చిన మార్పు యాంప్లిఫైయర్లను ఎలా మార్చిందో విశ్లేషించగలుగుతారు.
- స్పీకర్లు మార్చేటప్పుడు చూడవలసిన అంకెలను అర్థం చేసుకోగలుగుతారు.

ఉపోద్ఘాతం

సాంకేతిక చరిత్ర అంటే ఎవరు దేన్ని ఎప్పుడు కనిపెట్టారో చెప్పే పట్టిక మాత్రమే కాదు. ఒక పరికరంలో ఒక భాగం మారితే మిగిలిన భాగాల మీద ఏ భారం పడింది, దాన్ని ఎవరు మోశారు అన్నది కూడా చరిత్రే. ఇంట్లో పాటలు వినే స్టీరియో ఇందుకు మంచి ఉదాహరణ. పాత యాంప్లిఫైయరుకు కొత్త స్పీకర్లు తగిలించబోయే ప్రతి కుటుంబమూ ఈ చరిత్ర మిగిల్చిన చిక్కునే ఎదుర్కొంటుంది.

ఒకే పెట్టెలో రెండూ

1925లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ తీగచుట్ట కదలికతో పనిచేసే స్పీకరును వివరించారు. అయస్కాంత క్షేత్రంలో ఉన్న తీగచుట్ట కదిలినప్పుడు దానికి అంటిన శంఖువు గాలిని నెడుతుంది. నేటికీ చాలా స్పీకర్ల పని ఇదే. మరుసటి ఏడాది ఆర్‌సీఏ అమ్మిన రేడియోలా 104లో స్పీకరూ, దాని యాంప్లిఫైయరూ ఒకే పెట్టెలో ఉండేవి. రెండింటినీ జత కుదర్చడం తయారీదారు బాధ్యత. కొన్నవారికి ఆ బెడద లేదు.

జోడీ విడిపోవడం

రెండో ప్రపంచ యుద్ధం తరువాత పరిస్థితి మారింది. 1947లో డి.టి.ఎన్. విలియమ్‌సన్ రూపొందించిన 15 వాట్ల వాల్వు యాంప్లిఫైయరు వివరాలు బ్రిటన్‌లోని 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో వెలువడ్డాయి. వాటిని చూసి ఎందరో ఔత్సాహికులు ఇంట్లోనే దాన్ని తయారు చేసుకున్నారు. యాంప్లిఫైయరు ఒకచోట, స్పీకరు మరోచోట కొనే అలవాటు పెరిగింది. స్వేచ్ఛ పెరిగింది, దానితోపాటు జత కుదర్చే బాధ్యత కూడా కొనుగోలుదారు మీద పడింది.

అప్పటి పెద్ద స్పీకర్లకు, ముఖ్యంగా బూర ఆకారపు వాటికి, కొద్ది వాట్లే సరిపోయేవి. 1954లో ఎడ్గర్ విల్చర్, హెన్రీ క్లాస్ స్థాపించిన అకౌస్టిక్ రీసెర్చ్ సంస్థ ఏఆర్-1 స్పీకరును తెచ్చింది. గాలి చొరబడకుండా మూసిన చిన్న పెట్టెలోని గాలినే స్ప్రింగులా వాడుకుని, లోతైన మంద్ర ధ్వనిని రాబట్టడం దీని విశేషం. అయితే దీనికి మూల్యం ఉంది. చిన్న పెట్టె, లోతైన మంద్రం, తక్కువ వాట్లకే పెద్ద శబ్దం - ఈ మూడూ ఒకేచోట దొరకవు, ఏదో ఒకటి వదులుకోవాలి. విల్చర్ వదులుకున్నది మూడోది. అందువల్ల ఎక్కువ వాట్ల యాంప్లిఫైయర్లు అవసరమయ్యాయి.

1931లో బ్రిటన్‌లో అలన్ బ్లమ్లైన్ స్టీరియో పద్ధతికి పేటెంటు దరఖాస్తు చేసినా, స్టీరియో గ్రామఫోను రికార్డులు బజారుకు విరివిగా వచ్చింది 1958లోనే. గదిలో రెండు స్పీకర్లు పెట్టాలంటే అవి చిన్నవి కావాలి. చిన్న పెట్టెలకు ఆదరణ పెరగడానికి ఇది ఒక ముఖ్య కారణం. తరువాతి దశాబ్దంలో ట్రాన్సిస్టర్ యాంప్లిఫైయర్లు వాట్ల కొరత తీర్చాయి.

వాట్ల పోటీ

వాట్లు అమ్మకపు సరుకుగా మారాక ప్రకటనల్లో అంకెలు ఉబ్బిపోయాయి. ఒక్కో సంస్థ ఒక్కో కొలత వాడేది. దీన్ని అదుపు చేయడానికి 1974లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక నిబంధన తెచ్చింది. ఒక్కో చానెల్‌కు నిరంతరంగా ఎన్ని వాట్లు, ఎన్ని ఓమ్‌ల వద్ద, ఏ పౌనఃపున్యాల మధ్య, ఎంత వక్రీకరణతో అన్నది చెప్పి తీరాలని దాని సారం. మన పట్టణాల్లో 1990లలో అమ్మిన టేప్ రికార్డర్ల మీద 'పీఎంపీఓ' పేరుతో వేసిన పెద్ద పెద్ద వాట్ల అంకెలు మీ ఇంటి పెద్దలకు గుర్తుండవచ్చు. అవి క్షణమాత్రపు శిఖర శక్తిని సూచించే అంకెలు, నిరంతర శక్తికి కొలత కావు. ఆ అంకెను నమ్మి డబ్బు పెట్టినవారు కొన్న శబ్దం అంత పెద్దది కాదు.

నేటి కొనుగోలుదారుకు

మీరు స్పీకర్లు మార్చాలనుకుంటే రెండు అంకెలు చూడండి. మొదటిది సున్నితత్వం: 1 వాట్ ఇస్తే 1 మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్‌ల శబ్దం వస్తుందన్నది. 97 డెసిబెల్‌ల స్పీకరుకు 1 వాట్‌తో వచ్చే శబ్దం రావడానికి 87 డెసిబెల్‌ల స్పీకరుకు 10 వాట్లు కావాలి. వాట్లు రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్‌లే. కాబట్టి 40 వాట్ల యాంప్లిఫైయరు తీసేసి 80 వాట్లది కొంటే శబ్దం రెట్టింపయినట్టు వినిపించదు.

రెండోది ఇంపెడెన్స్. 20 వోల్టుల వద్ద 8 ఓమ్‌ల స్పీకరు 2.5 ఆంపియర్లు లాగుతుంది, 4 ఓమ్‌లది 5 ఆంపియర్లు లాగుతుంది. అంత ప్రవాహం ఇవ్వలేని యాంప్లిఫైయరు వేడెక్కుతుంది, చెడిపోవచ్చు కూడా. 8 ఓమ్‌ల స్పీకర్లు రెండింటిని ఒకే చానెల్‌కు సమాంతరంగా కలిపినా 4 ఓమ్‌లే అవుతుందని మరవకండి. వాట్లు తక్కువైన యాంప్లిఫైయరును శక్తికి మించి పెంచినా ప్రమాదమే: ధ్వని తరంగాల శిఖరాలు తెగిపోయి ట్వీటర్లు కాలిపోవచ్చు.

సారాంశం

ఒకే పెట్టెలో పుట్టిన జోడీ, విడిపోయి, కొనుగోలుదారుకు లెక్కలు నేర్పింది. లోపలే యాంప్లిఫైయరు ఉన్న నేటి స్పీకర్లు ఆ బాధ్యతను మళ్ళీ తయారీదారుకు అప్పగించాయి. విడివిడిగా కొనేవారికి మాత్రం ఈ చరిత్ర చెప్పేది ఒకటే: యాంప్లిఫైయరు ఎంత పెద్దదని అడిగే ముందు, స్పీకరు ఏమి కోరుతోందో తెలుసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఏఆర్-1 రాక యాంప్లిఫైయర్ల శక్తి పెరగడానికి ఎలా కారణమైంది?
2. 1974 నాటి నిబంధన ఎందుకు అవసరమైందో చర్చించండి.