ఎద్దు బెదురు, కుక్క బెదురు

కృష్ణా డెల్టా రైతుకు బెదురుగొడ్డును దారికి తెచ్చే విద్య బాగా తెలుసు. ఆ విద్య ఎద్దు దగ్గరే ఆగిపోయింది, కుక్క దాకా రాలేదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలవ నీళ్లు పారాక, దమ్ము చేసే మాగాణిలో నమ్మకంగా నడిచే ఎద్దుల అవసరం పెరిగింది. కోడెను కాడికి మరపడంలో ఒక వరస ఉండేది. ఒక పక్క ఆరితేరిన ఎద్దు, రెండో పక్క కొత్త కోడె. ముందు వట్టి కాడి, తర్వాత తేలికపాటి దుంగ, ఆపైన ఖాళీ బండి, అన్నీ అలవాటయ్యాకే నాగలి. చప్పుడుకు అదిరిపడే కోడెకు పక్కనున్న ఎద్దు అదరకపోవడమే ధైర్యం. ముకుతాడూ చర్నాకోలా లేవా అని అడగవచ్చు. ఉన్నాయి, ఆ హింసను దాచనక్కర్లేదు. కానీ ముకుతాడు ఎద్దును ఆపగలదే తప్ప దాని బెదురు పోగొట్టలేదు. పోగొట్టగలిగితే రైతు ఇంత ఓపికగా మెట్టు మెట్టుగా మరపవలసిన పనే ఉండేది కాదు.

తోడుంటే బెదురు తగ్గుతుందన్న ఇదే సంగతి కుక్కల విషయంలో లెనిన్‌గ్రాడ్ వరదలో బయటపడింది. 1924 సెప్టెంబరు 23న నీవా నది పొంగి, సంకేతాలకు స్పందించడం కుక్కలకు నేర్పుతున్న శాస్త్రవేత్త పావ్‌లోవ్ ప్రయోగశాలలో వాటి బోనుల్లోకి నీళ్లు వచ్చాయి. బోను తలుపులు కిందికి ఉండడంతో కుక్కలను తలలు నీట ముంచి బయటికి లాగవలసివచ్చింది. ప్రాణాలు దక్కాయి గానీ, కొన్నిటికి అంతకాలం నేర్పినది చెరిగిపోయింది. అందులో ఒకటి, గదిలో తనతోపాటు మనిషి కూర్చుంటే మామూలుగా స్పందించేది, ఒంటరిగా ఉంటే తడబడేది. కోలుకున్నాక కూడా తలుపు కిందినుంచి సన్నగా నీళ్లు పారగానే పాత భయం తిరగబెట్టింది. కాడికి రెండో పక్కన నిలిచిన ఎద్దు చేసే పనే గదిలో కూర్చున్న ఆ మనిషీ చేశాడని నాకనిపిస్తుంది.

1864లో బందరునూ, 1977 నవంబరు 19న దివిసీమనూ ముంచిన ఉప్పెనలు ఎరిగిన నేల ఇది. దివిసీమలోని సొర్లగొందిలో బతికి బయటపడ్డవాళ్లు గాలి హోరుకు ఉలిక్కిపడితే మొండివాళ్లని ఎవరూ అనరు. కర్ర పట్టుకున్న మనిషిని చూసో, టపాసు చప్పుడు వినో మీదికి లేచే కుక్కను మాత్రం పొగరుబోతు అనేస్తాం. శిక్షకులు ఇప్పుడు రియాక్టివ్ అనే ఈ కుక్కలకు చేసేది కోడెకు చేసినదే. భయపెట్టేది కనబడుతున్నా కుక్క ఇంకా మొరగని దూరం ఎంతో కనిపెట్టి, అక్కడే తిండి పెట్టి, రోజులు గడిచేకొద్దీ ఆ దూరం తగ్గిస్తారు. గుర్రుమన్నందుకు కొడితే భయం పోదు, హెచ్చరిక పోతుంది. ఆ తర్వాత కుక్క చెప్పకుండా కరవవచ్చు.

పిల్లలు కాట్లకు గురవుతుంటే కుక్క మనసు గురించి ఆలోచించాలా అన్న ప్రశ్న న్యాయమైనదే. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. బొడ్డు చుట్టూ 14 సూదులు పొడిపించుకున్న తరం భయాన్ని తేలిగ్గా తీసేయలేం. అన్ని కుక్కలూ భయంతోనే కరవవు కూడా. నొప్పి, పిల్లలను కాపాడుకోవడం, రేబిస్ వేరే కారణాలు. అయితే రేబిస్‌కు మందు టీకా. దశాబ్దాలపాటు పట్టణాల్లో వీధికుక్కలను చంపినా కుక్కలూ తగ్గలేదు, రేబిసూ పోలేదు. అందుకే వీధికుక్కల గురించిన 2001 నిబంధనలు, వాటి స్థానంలో వచ్చిన 2023 నిబంధనలు కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌నూ టీకానూ ఎంచుకున్నాయి.

2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, రేబిస్ సోకినవి, దూకుడు చూపేవి తప్ప మిగతా కుక్కలను టీకా వేసి పట్టుకున్నచోటే వదలమంది. ఇక అసలు ప్రశ్న, ఆ దూకుడును ఎవరు, ఎక్కడ తేలుస్తారన్నది. వలలో పడ్డ కుక్క భయంతో గుర్రుమనవచ్చు. ఆ నిమిషంలో చూసి రాస్తే బెదురు కుక్క కూడా దూకుడు కుక్కే అవుతుంది. బందరులోనైనా గుడివాడలోనైనా వల పట్టే సిబ్బందికి ఈ తేడా నేర్పాలి. కొన్నాళ్లు ఒకే మనిషి చేతి తిండి పెట్టి చూశాకే ఏ కుక్కనైనా దూకుడు కుక్కల జాబితాలో చేర్చాలి.