ఒకే దెబ్బ - వేయిసార్లు

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను ఏ శిస్తు వసూళ్ల చరిత్రో రాస్తాననుకుని ఉంటారు. నేను రాస్తున్నది గోల్ఫ్ గురించి. రెవెన్యూ శాఖలో ముప్పయ్యారేళ్లు గుమాస్తాగిరీ చేసినవాడికి గోల్ఫ్‌తో ఏం పని అని మిత్రులు నవ్వవచ్చు. చివరిదాకా చదివి నవ్వితే నాకు అభ్యంతరం లేదు.

2019లో డాలస్‌లో మా అబ్బాయి దగ్గర ఐదు నెలలు ఉన్నాను. ఆదివారాలు వాడు గోల్ఫ్ ప్రాక్టీసుకు వెళ్తూ నన్నూ తీసుకువెళ్లేవాడు. బుట్టెడు బంతులు తీసుకుని ఒక్కొక్కటే కొట్టడం. ఒకటి తిన్నగా పోతే నాలుగు పక్కలకు పోయేవి. బంతిని ఎవరూ విసరడం లేదు, అది కాళ్ల ముందే కదలకుండా ఉంది, అయినా ఇన్ని తప్పులెందుకురా అని అడిగాను. వాడు కారులోంచి ఒక పుస్తకం తెచ్చి, "ఇది చదవండి నాన్నా, తెలుస్తుంది" అన్నాడు. అది బెన్ హోగన్ అనే ఆటగాడు 1957లో వెలువరించిన ‘ఫైవ్ లెసన్స్’. హోగన్ పెరిగింది డాలస్ పక్కనే ఉన్న ఫోర్ట్‌వర్త్‌లో. అప్పటినుంచి ఈ చరిత్ర మీద ఆసక్తి కలిగింది.

గోల్ఫ్ కర్ర బంతిని తాకి ఉండేది సెకనులో వెయ్యోవంతు కన్నా తక్కువ కాలం. ఆ క్షణంలో కర్ర ముఖం సరిగా లేకపోతే దెబ్బ ఎంత బలంగా ఉన్నా వృథా. బంతి ఒక్క డిగ్రీ పక్కకు బయలుదేరినా రెండువందల గజాలు వెళ్లేసరికి మూడు గజాలకు పైగా తప్పుతుంది. కనుక కావలసింది కండబలం కాదు. ప్రతిసారీ ఒకే తీరుగా వచ్చే ఊపు. దాన్నే వాళ్లు స్వింగు అంటారు.

పూర్వం గోల్ఫ్ కర్రల కాడలు హికరీ చెట్టు చేవతో చేసేవారు. కొట్టేటప్పుడు ఆ కాడ మెలి తిరిగేది. ఆ మెలికకు తగ్గట్టు ఆటగాడు మణికట్లు తిప్పి సరిచేసుకోవాలి. ఆ రోజుల్లోనే బ్రిటన్‌కు చెందిన హారీ వార్డన్, 1896 నుంచి 1914 లోపల బ్రిటిష్ ఓపెన్‌ను ఆరుసార్లు గెలిచాడు. కుడిచేతి చిటికెనవేలిని ఎడమచేతి చూపుడువేలి మీదుగా వేసి పట్టుకునే పద్ధతికి ఆయన పేరే స్థిరపడింది. రెండు చేతులూ ఒక్కటిగా పనిచేయాలన్నది దాని సారం.

ఉక్కు కాడలు వచ్చాక పరిస్థితి మారింది. బ్రిటన్ నియమావళి వాటిని 1929లో అంగీకరించింది. అమెరికా అంతకు ముందే ఒప్పుకుంది. ఉక్కు మెలిపడదు గదా, ఇక మణికట్లు తిప్పడం దేనికి? ఈ సంగతిని ముందుగా గ్రహించినవారిలో బైరన్ నెల్సన్ ఒకడు. నెల్సన్, హోగన్ ఇద్దరూ 1912లో టెక్సాస్‌లోనే పుట్టారు. ఇద్దరూ ఫోర్ట్‌వర్త్‌లోని గ్లెన్ గార్డెన్ క్లబ్బులో కేడీలు, అంటే దొరల కర్రల సంచీలు మోసిన కుర్రాళ్లు. 1927లో కేడీలకు జరిగిన క్రిస్మస్ పోటీలో నెల్సన్ ఒక్క దెబ్బ తేడాతో హోగన్ మీద గెలిచాడు.

నెల్సన్ చేతుల తిప్పుడు తగ్గించి, కాళ్ల ఊతం పెంచాడు. 1945లో ఒకే ఏడు పద్దెనిమిది టోర్నమెంట్లు గెలిచాడు. అందులో పదకొండు వరుస విజయాలు. తర్వాతి కాలంలో బంతులను పరీక్షించేందుకు యంత్రం ఒకటి తయారుచేసినప్పుడు, దానికి నమూనాగా తీసుకున్నది ఆయన స్వింగునే. దానికి ‘ఐరన్ బైరన్’ అని పేరు.

హోగన్‌కు మాత్రం ఇంత తేలికగా దక్కలేదు. 1930లో ఆటనే వృత్తిగా పెట్టుకున్నాడు. బంతి ఎడమకు వంగిపోయే జబ్బు వదల్లేదు. చేతిలో డబ్బు అయిపోయి ఇంటికి తిరిగివచ్చాడు. ఒంటరిగా మొదటి టోర్నమెంటు గెలవడానికి 1940 దాకా ఆగవలసి వచ్చింది. ఆ పదేళ్లూ చీకటి పడేదాకా సాధన చేస్తూ, కదలికల్లో అక్కరలేనివి తీసేస్తూ వచ్చాడు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నెలల తరబడి ఒకే అక్షరాల వరస కొట్టిన మనవాళ్లకు ఇది వివరించనక్కరలేదు.

1949 ఫిబ్రవరి 2న పొగమంచులో ఒక బస్సు ఆయన కారును ఢీకొంది. భార్యను కాపాడడానికి ఆయన ఆమెకు అడ్డంగా పడ్డాడు. కటి ఎముకలు, మెడ కింది ఎముక, చీలమండ విరిగాయి. మళ్లీ నడుస్తాడా అన్నదే అనుమానమైంది. పదహారు నెలల తర్వాత, 1950 జూన్‌లో, కాళ్లకు పట్టీలు చుట్టుకుని మెరియన్‌లో అమెరికా ఓపెన్ గెలిచాడు. 1953లో మాస్టర్స్, అమెరికా ఓపెన్, బ్రిటిష్ ఓపెన్ మూడూ ఆయనవే. కాళ్లలో మునుపటి సత్తువ లేకపోయినా, సాధన చేసిన వరస ఆయనను వదిలిపెట్టలేదు.

ఆ పుస్తకంలో చెప్పినదీ ఆ వరసే. ముందు పట్టు, తర్వాత నిలబడే తీరు, తర్వాత భుజాలు తిప్పి కర్ర ఎత్తడం, చివరకు దించడం. దించేటప్పుడు ముందు నడుము తిరగాలి, చేతులు దాని వెంట రావాలి. సాధారణ మనిషి ఎవరైనా ఇది నేర్చుకోగలడని ఆయన నమ్మకం.

ఇక నా సంగతి. 2021లో నా కుడిచేతికి కొద్దిగా పక్షవాతం సోకింది. తర్వాత బ్యాంకులో నా సంతకం కలవలేదు. రెండుసార్లు కాగితాలు తిప్పి పంపారు. మూడోసారి కౌంటరులోని అమ్మాయి మర్యాదగానే, "వేలిముద్ర వేసేయండి తాతగారూ" అంది. వేలిముద్ర వేయడం తప్పేమీ కాదు. కాని ఎందరో రైతుల చేత ఇంకు పూసి వేలిముద్రలు వేయించిన చెయ్యి ఇది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు ఆ పుస్తకం తీశాను. నా పాత సంతకంలో తోక, రెండు మెలికలు, కింద గీత ఉండేవి. అన్నీ తీసేశాను. ముందు కలం పట్టు, తర్వాత మోచేయి బల్ల మీద ఆనించే చోటు, తర్వాత అక్షరాలు. రోజుకు ముప్పై సంతకాలు, నాలుగు నెలలు. పిమ్మట బ్యాంకుకు వెళ్లి కొత్త నమూనా సంతకం ఇచ్చాను. ఆ నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ మీద చేసిన సంతకం దానితో కలిసింది.

గోల్ఫ్ కర్ర నేను ఇంతవరకూ పట్టింది లేదు. చేయి వణుకుతున్నదని కలం పక్కన పెట్టిన మిత్రులు మనలో కొందరున్నారని విన్నాను. వారికోసమే ఈ నాలుగు మాటలు.